నాలుగో మంచం

క్యారవాన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది షూటింగ్ స్పాట్‌లో హీరో దిగే తెల్ల బండి. లోపల ఏసీ, అద్దం చుట్టూ బల్బులు, సోఫా. బయట ఎండలో సెల్ఫీ కోసం మనం. ఆ సోఫా కింద, ఆ ఫ్లోరింగ్ కింద ఏముంటుందో చూసినవాళ్లు మాత్రం తక్కువే ఉంటారు. నేను చూశాను. ముందు వాసన వస్తుంది. వర్షాకాలంలో ఆరని బట్టల వాసన, దానికి తోడు తుప్పు. ఆ తర్వాత నల్లగా ఉబ్బిపోయిన ప్లైవుడ్ కనిపిస్తుంది. వేలితో గుచ్చితే తడిసిన బిస్కెట్‌లా ఊడొస్తుంది.

మా మామకు (అమ్మ తమ్ముడు) నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు ఉంది. బండ్ల లోపలి పని చేస్తాడు. స్కూల్ వ్యాన్ సీట్లు, అంబులెన్స్ లోపలి అరలు, టెంపో ట్రావెలర్లకు పుష్‌బ్యాక్‌లు, ఈ మధ్య క్యారవాన్లు. మా ఇల్లు ఉప్పల్‌లో. ఉప్పల్ చౌరస్తా నుంచి మెట్రో పిల్లర్ల కింద హబ్సిగూడ దాకా వచ్చి కుడికి తిరిగితే నాచారం. చిన్నప్పుడు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లడమే తప్ప షెడ్డులో పట్టుమని పది నిమిషాలు నిలబడింది లేదు. మొన్న సెమ్ బ్రేక్‌లో ఇంటర్న్‌షిప్ కోసం నలభై మెయిల్స్ పెడితే రెండిటికి జవాబొచ్చింది. రెండూ ‘సారీ’లే. అమ్మ ఆ సాయంత్రమే మామకు ఫోన్ చేసింది. "పోరి ఇంట్ల ఫోన్ పట్టుకోని కూసుంటున్నది, నీ కాడ ఏమన్న పనుంటే చెప్పు తమ్మీ" అని. మామ నవ్వి, "మెకానికల్ ఇంజినీరు కదా, రమ్మను. లెక్కలు రాస్తది" అన్నాడట. మూడు వారాలు వెళ్లాను.

నేను వెళ్లిన రోజే ఆ బండి వచ్చింది. ఫోర్స్ ట్రావెలర్, 4020 వీల్‌బేస్. అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య నాలుగు మీటర్లు, ఆ రకంలో పొడుగుదన్నమాట. ఆరేళ్లు షూటింగులకు తిరిగింది. ఓనర్ ఇప్పుడు దాన్ని ఫ్యామిలీ ట్రిప్పులకు అద్దెకిద్దామనుకుంటున్నాడు. అరుణాచలం, గోకర్ణ, శ్రీశైలం. "మేస్త్రీ, లోపల హోటల్ రూమ్ లెక్క ఉండాలె. కింద మార్బుల్ టైల్స్. నాలుగు మంచాలు" అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చాడు. మామ టైల్స్ గురించీ మంచాల గురించీ అప్పుడేమీ మాట్లాడలేదు. "ముందుగాల ఇప్పి చూద్దాం సార్" అన్నాడంతే.

ఇప్పడానికి రెండు రోజులు పట్టింది. అద్దం, వాష్ బేసిన్, సోఫా, ఫ్రిజ్, ఇన్వర్టర్, ఒక్కోటి బయటికొచ్చాక నేల మిగిలింది. పైన చెక్క డిజైన్ వినైల్ మ్యాట్ నీట్‌గానే ఉంది. దాని కింద 19 మిల్లీమీటర్ల కమర్షియల్ ప్లై. వాష్ బేసిన్ పైపు జాయింట్ దగ్గర, ఏసీ నీళ్లు పోయే గొట్టం దగ్గర ఏళ్ల తరబడి చుక్క చుక్క కారినట్టుంది. పైన మ్యాట్ ఉండబట్టి నీళ్లు ఆరే దారి లేదు, ప్లై తాగేసింది. స్క్రూలు పట్టిన చోటల్లా కింది ఇనుప రేకు తుప్పుపట్టి, రెండు చోట్ల రోడ్డు కనిపించేంత బొక్కలు పడ్డాయి.

ఆ ముక్కలన్నీ మల్లాపూర్ వైపు స్క్రాప్ షాపుకు పోయేముందు, "మామా, ఒకసారి కాంటా మీద పెడదామా?" అన్నాను. షెడ్డులో వాళ్లు నన్ను వింతగా చూశారు. చెత్తను తూకం వేసేదేంటని. 121 కిలోలు తూగింది. ఎనిమిది బై నాలుగు షీట్లు రెండున్నర పట్టింది అక్కడ. 19 మిల్లీమీటర్ల షీటు పొడిగా ఉంటే 38 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, అంటే మొత్తం 95. మిగతా ఇరవై ఆరు కిలోల్లో బంక, మిగిలిన స్క్రూలు ఏ కొంచెమో. తక్కినదంతా నీళ్లే. ఒక వాటర్ క్యాన్ నిండా నీళ్లను ఏ ఉపయోగం లేకుండా నేలలో దాచుకుని ఆ బండి హీరోల్ని మోసింది. ఈ లెక్క చెప్తే మామ ఏమీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి ఏ వస్తువు లోపలికి పోతున్నా "కోడలా, రాస్కో" అనడం మొదలుపెట్టాడు. నా నోట్‌బుక్‌లో ఎడమవైపు బయటికొచ్చినవి, కుడివైపు లోపలికి పోయేవి.

కొత్త నేల వేయడం నాకు బాగా నచ్చిన పని. తుప్పునంతా వైర్ బ్రష్‌తో గీకి, బొక్కలకు రేకు అతికి వెల్డింగ్ చేసి, రెడ్ ఆక్సైడ్ పూశారు. దాని మీద సన్నటి ఫోమ్ షీటు, వేడీ చప్పుడూ పైకి రాకుండా. దాని మీద ప్లై. ఈసారి 12 మిల్లీమీటర్లదే, కానీ మెరైన్ ప్లై. కమర్షియల్ ప్లై ఐ.ఎస్. 303 కిందికి వస్తుంది, మెరైన్ ఐ.ఎస్. 710. తేడా ప్రధానంగా పొరల మధ్య బంకలో ఉంది. మరిగే నీళ్లలో నానబెట్టినా పొరలు విడిపోకూడదన్నది రెండోదానికి పెట్టే పరీక్ష. ఒక్కో షీటు 25 కిలోలు. మందం తగ్గించినందుకు 33 కిలోలు మిగిలింది, నీళ్లు కాక. మందం తగ్గితే వంగదా అని అడిగాను. మామ ఇనుప రేకు కింద అడ్డంగా పోయే బద్దెల్ని కాలితో తట్టి చూపించాడు. ప్లై బరువు మోసేది వాటి మీద, రెండు బద్దెల మధ్య దూరం చిన్నది. బీమ్ డిఫ్లెక్షన్‌లో స్పాన్ క్యూబ్ అని మనం పరీక్షలో రాసిందే. మామకు క్యూబ్ తెలియదు, దూరం తెలుసు.

డ్రిల్ పెట్టేముందు ఒకరు బండి కిందికి దూరి పడుకోవాలి. కింద డీజిల్ ట్యాంకు, బ్రేక్ పైపులు, వైర్లు ఉంటాయి. పైనుంచి ఎవరో ఒకరు తట్టాలి, కిందున్నవాళ్లు "ఆఁ కొట్టు" అనాలి, అప్పుడే బొక్క. మూడు వారాల్లో ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. వెల్డింగ్ చేసే అన్నది బీహార్. ఆయనకు తెలుగులో బాగా వచ్చిన మాటల్లో ఈ "ఆఁ కొట్టు" ఒకటి.

ఇక టైల్స్ సంగతి. ఓనర్ మళ్లీ వచ్చి గుర్తుచేశాడు. నా నోట్‌బుక్ అప్పుడు పనికొచ్చింది. రెండడుగుల టైలు ఒక్కోటి ఎనిమిది కిలోలు, ఆ నేలకు పంతొమ్మిది పడతాయి, నూట యాభై కిలోలు, అతికే మసాలా వేరే. బస్సులకు వాడే రెండు మిల్లీమీటర్ల వినైల్ అయితే మొత్తం ఇరవై కిలోలు. పైగా నడిచే బండి ప్రతి గతుకుకూ మెలి తిరుగుతుంది, టైలు తిరగదు, పగులుతుంది. నూట ముప్పై కిలోల తేడా అంటే ఇద్దరు మనుషులు టికెట్ లేకుండా ఎప్పుడూ బండిలో ఉన్నట్టే కదా. ఓనర్ ఉప్పల్ నుంచి నారపల్లి దాకా రోజూ తిరిగే మనిషి. ఆ ఫ్లైఓవర్ పనుల రోడ్డు మీద టైల్స్ ఎట్లుంటాయో ఆయనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. "సరే, మార్బుల్ డిజైన్ వినైల్ ఎయ్" అన్నాడు. వేశారు. బంక రెండు వైపులా పూసి, వేలు పెడితే అంటనంత ఆరేదాకా ఆగి, ఒక మూల నుంచి గాలి లేకుండా నొక్కుకుంటూ రావాలి. గోడ వైపు నాలుగు వేళ్ల ఎత్తు పైకి మడిచారు, నీళ్లు పడితే కిందికి దిగకుండా. మడత మూలల్లో కోత ఎంత నీట్‌గా వచ్చిందంటే, నేను ఫొటో తీసి మన గ్రూప్‌లో పెడితే అందరూ అది నిజం మార్బులే అనుకున్నారు.

మధ్యాహ్నం తిండి దగ్గర కబుర్లు. మామ వయసు వాళ్లకు క్యారవాన్ అంటే షూటింగ్ బండి కాదు, చైతన్య రథం. ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో ఉన్నది ఈ నాచారంలోనే, కాబట్టి ఇక్కడి పాతవాళ్లు ఆయన గురించి పక్కింటాయన గురించి చెప్పినట్టు చెప్తారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక పాత షెవర్లే వ్యాన్ ఒకదాన్ని పైన నిలబడి మాట్లాడటానికీ, లోపల పడుకోవడానికీ వీలుగా మార్పించుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే తిండి. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఈ కథ మనందరికీ తెలిసిందే. మామ దీన్ని వేరేగా చూస్తాడు. "గెలిచినోళ్లు యాదున్నరు, నడిపినోళ్లు యాదున్నరు. గా వ్యాన్‌ల మంచం ఏసిన మేస్త్రి ఎవ్వనికన్న యాదున్నడా?" అన్నాడు అన్నం కలుపుతూ.

మంచాల దగ్గరికొచ్చేసరికి గొడవ మొదలైంది. బండి లోపలి వెడల్పు 1.75 మీటర్లు. రెండు పక్కలా రెండేసి అడుగుల మంచాలు నిలువుగా వేస్తే మధ్యలో దారి 53 సెంటీమీటర్లు మిగులుతుంది. ఒక మనిషి నడవొచ్చు, ఎదురెదురుగా ఇద్దరు రాలేరు. మూడోది పైన, గోడకు మడిచిపెట్టేది. దాకా ఎట్లోఅట్ల కుదురుతుంది. నాలుగోదానికి మిగిలిన చోటు ఒక్కటే, బండి చివర అడ్డంగా. అక్కడ వెనక తలుపుంది. ప్రమాదం జరిగి పక్క తలుపు బిగుసుకుపోతే బయటపడటానికి ఉన్నది అదే. మంచం వేస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది, కానీ తెరిస్తే కనిపించేది పరుపు. ఇంకో మాట, 1.75 అంటే ఐదడుగుల తొమ్మిదంగుళాలు. ఆరడుగుల మనిషి అక్కడ కాళ్లు ముడుచుకునే పడుకోవాలి.

అయినా ఓనర్ మాట మీద నాలుగో ఫ్రేమ్ కూడా కోసి వెల్డింగ్ పెట్టారు. అంగుళం చదరపు గొట్టం, 16 గేజ్, మీటరుకు 1.2 కిలోలు, అడ్డపట్టీలతో కలిపి పద్దెనిమిది కిలోలు. నేను కుడివైపు పేజీలో రాశాను. మిగతా మూడింటినీ నేల రేకుకు బోల్ట్ చేశారు, కింద ఇంత పెద్ద ప్లేట్ వేసి. ఉత్త ప్లైకి స్క్రూ కొడితే చాలదు. డెబ్బై కిలోల మనిషి పడుకున్న మంచం, గుద్దుకున్నప్పుడు పది ‘జీ’ అనుకున్నా, ఏడు వందల కిలోల బరువు లాగినట్టు లాగుతుంది. స్క్రూలు చెక్కతో సహా వచ్చేస్తాయి.

పరుపుల కోసం రెండు రకాల ఫోమ్ శాంపిళ్లు వచ్చాయి. ఒకటి మామూలు పీయూ ఫోమ్, రెండోది మంట తొందరగా అంటుకోకుండా చేసింది, ధర ఎక్కువ. మన మెటీరియల్స్ ల్యాబ్‌లో ఇలాంటివి కాల్చి చూపించరు. షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఇసుక పోసి, నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని, మామ ఉండగానే రెండు ముక్కల్ని విడివిడిగా కాల్చాం. మామూలు ముక్క అగ్గిపుల్ల తగిలిన చోట ముందు కరిగింది, తర్వాత ఒక్కసారి అందుకుంది. కరిగిన చుక్కలు మండుతూనే కిందపడ్డాయి, పడ్డచోట కూడా మండాయి. పొగ నల్లగా, గొంతులో పట్టేసేలా. పీయూ ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. మంట తగలకముందే మనిషిని పడేసేది అదే. రెండో ముక్క నల్లబడి, అగ్గిపుల్ల తీసేశాక కాసేపటికి ఆరిపోయింది. బండి లోపలి సామాను ఎంత వేగంగా కాలొచ్చో చెప్పే ప్రమాణాలున్నాయి. అమెరికాది ఎఫ్.ఎం.వి.ఎస్.ఎస్. 302, నిమిషానికి 102 మిల్లీమీటర్లు దాటకూడదు. మనకూ అదే తరహాలో ఐ.ఎస్. 15061 ఉంది. నిమిషానికి జానెడు కూడా కాలకూడదన్నమాట. మా మొదటి ముక్క జానెడు కాలడానికి ఎన్ని సెకన్లు పట్టిందో నేను చూడలేదు. వెనక్కి జరగడంలోనే ఉన్నాను.

మామ చాలాసేపు ఆ ఇసుక వైపే చూశాడు. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కాలి 45 మంది పోయినప్పుడు మామ ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో కూలికి పనిచేసేవాడట. ఆ నెలంతా ట్రావెల్స్ వాళ్లు క్యూ కట్టారట, అద్దాలు పగలగొట్టే సుత్తెలు పెట్టమని. "ఒక నెల. గంతే. రెండో నెల నుంచి మల్ల సీట్లు ఎక్కువెయ్, మల్ల మంచాలెక్కువెయ్." మళ్లీ 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర, ఈసారి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు. 19 మంది ప్రయాణికులు. సీట్ల బస్సుగా రిజిస్టరైనదాన్ని స్లీపర్‌గా మార్చారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ వార్త మనం హాస్టల్లో ఫోన్లలో చదివి, రెండు రోజులు స్టేటస్‌లు పెట్టి వదిలేశాం. కానీ ఎక్కడో ఒక షెడ్డులో, ఎవరో ఒక మేస్త్రి, ఎవరో ఒక అల్లుడో కోడలో టేపు పట్టుకుంటే, ఆ మంచాలు కొలిచి బిగించి ఉంటాడు కదా. నాకు ఆ ఆలోచన ఇక్కడికి వచ్చాకే వచ్చింది.

అదే సాయంత్రం మామ బండి ఆర్సీ జిరాక్స్ తెప్పించుకున్నాడు. ఆర్సీలో సీటింగ్ కెపాసిటీ లాగే స్లీపర్ కెపాసిటీ అని ఒక గడి ఉంటుంది. అక్కడ ‘2’ అని ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో 182ఏ మారింది, అట్లా మార్చిన ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేలు, లేదా రెండూ. క్యారవాన్ల తయారీకి ఏ.ఐ.ఎస్. 124 అని విడిగా ఒక ప్రమాణం కూడా ఉంది. ఇవన్నీ నేను ఫోన్లో చదివి వినిపించాను. మామ చివరిదాకా విని, "శిక్ష ఓనర్‌కే ఉన్నది గదా, మేస్త్రికి లేదు" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడనుకున్నాను. కాదు. "గందుకే అందరు ఏస్తరు" అన్నాడు.

మర్నాడు ఓనర్ వచ్చాడు. మామ అతన్ని బండి లోపలికి తీసుకెళ్లి చివర నేల మీద పడుకోమన్నాడు. నిజంగానే. ఓనర్ నవ్వుతూ పడుకున్నాడు. మామ బయటికొచ్చి పక్క తలుపు మూసేసి, నాలుగో ఫ్రేమ్‌ను వెనక తలుపుకు అడ్డంగా నిలబెట్టి, "ఇప్పుడు బయటికి రా సార్" అన్నాడు.

"ఇదేం ఆట మేస్త్రీ?"

"ఆట గాదు సార్. ఆర్సీ మార్పించుకోని రా, మూడోది పైన ఏసి ఇస్త. అప్పటిదాక రెండే. నాలుగోది తలుపు కాడ మాత్రం ఎన్ని పైసలిచ్చినా నేను ఎయ్య."

ఓనర్‌కు కోపమొచ్చింది. అతని లెక్క అతనికుంది. ఇద్దరు పడుకునే బండికి వచ్చే అద్దె వేరు, నలుగురు పడుకునేదానికి వేరు. బండి మీద అప్పుంది. "అందరు ఏస్తున్నరు, నువ్వొక్కనివే పెద్ద ఆర్టీఓ లెక్క మాట్లాడ్తవేంది?" అన్నాడు. నా వైపు తిరిగి, "చదువుకున్న పిల్లవు, నువ్వన్న చెప్పమ్మా. బండ్ల ఎవరన్న అగ్గి పెడ్తరా?" అన్నాడు. ఇన్వర్టర్, దాని బ్యాటరీ, ఇండక్షన్ స్టవ్ వైరు మూడూ ఆ నాలుగో మంచం కింద పెట్టమన్నది ఆయనే. బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుందనీ, గాలి పోయే దారి లేకుండా పరుపు కింద దాన్ని మూసిపెట్టకూడదనీ చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలియదు, ఫోన్ చూసుకుంటున్నాడు.

నాకు ఓనర్ మీద కోపం పెద్దగా లేదు. ఆయన దుర్మార్గుడేం కాదు, ఈఎంఐ ఉన్న మనిషి. అసలు ఇబ్బంది ఏమిటంటే మామకు కూడా ఈఎంఐ ఉంది. షెడ్డు అద్దె ఉంది, ఐదుగురి జీతాలున్నాయి. మనం ‘ఇంజినీరింగ్ ఎథిక్స్’ పేపర్‌లో ఈ ప్రశ్నకు పది మార్కుల జవాబు రాస్తాం. అందులో అద్దె గురించి ఉండదు.

మూడో మంచం బోల్టులు విప్పారు. రెండు మంచాలకూ ఖరీదైన ఫోమ్ వేశారు. ఆ తేడా ఎవరు భరించాలన్న దాని మీద ఇంకో గంట వాదన జరిగి సగం సగం అయింది. బ్యాటరీని గాలి కన్నాలున్న పెట్టెలో, తలుపుకు దూరంగా పెట్టారు. చర్లపల్లి రోడ్డు మీద కాంటాకు తీసుకెళ్లి తూకం వేయిస్తే, వచ్చినప్పటికంటే 88 కిలోలు తేలికైంది బండి. నా నోట్‌బుక్ లెక్క 94. ఆరు కిలోలు ఎక్కడ పోయాయో రెండుసార్లు కూడినా దొరకలేదు. మామ మాత్రం "గంత దగ్గరకొచ్చినవా?" అని మురిసిపోయాడు.

బండి పోయింది. బ్యాలెన్స్ నలభై రెండు వేలు ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే ‘వచ్చే వారం’ అంటున్నాడట. ఇంకో షెడ్డులో నాలుగో మంచం వేయించుకున్నాడని వెల్డింగ్ అన్న అంటాడు, మామ నమ్మడు. నిజమేమిటో నాకు తెలియదు. మొన్న ఆదివారం వెళ్తే మా నాలుగో ఫ్రేమ్ షెడ్డులోనే ఉంది, మూలన, ఫ్యాన్ కింద. మిగిలిన ప్లై ముక్క, పాత సోఫా పరుపు వేశారు దాని మీద. మధ్యాహ్నం అన్నం తిన్నాక వంతులవారీగా దాని మీద పడుకుంటున్నారు. నేను వెళ్లేసరికి వంతు మామది.